చైనాటౌన్ ముఠాల చిత్రాలు: ఒక సబ్‌టైటిల్ రచయిత విన్న అపోహలు, చెప్పగలిగిన వాస్తవాలు

పన్నెండేళ్లుగా విదేశీ చిత్రాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను, వాటిలో నేరచిత్రాలే ఎక్కువ. 2014లో వచ్చిన ‘రివెంజ్ ఆఫ్ ది గ్రీన్ డ్రాగన్స్’ను ఒక ఫిల్మ్ క్లబ్ ప్రదర్శన కోసం తెలుగు చేసినప్పుడు, సినిమా ముగిశాక జరిగిన చర్చలో వినిపించిన అభిప్రాయాలలో సగానికి పైగా అపోహలే. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో 1980లలో పెరిగిన ఇద్దరు చైనా వలస బాలురు, తోడబుట్టినవారు కాకపోయినా అన్నదమ్ముల్లా పెరిగి, ఒకరి వెనుక ఒకరు గ్రీన్ డ్రాగన్స్ అనే వీధి ముఠాలో చిక్కుకోవడం ఆ చిత్రం కథ. అనువాదం కోసం ఆ కాలపు చరిత్ర కొంత చదవవలసి వచ్చింది కనుక, ఆ రోజు సగంలో ఆగిపోయిన జవాబులను ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

అపోహ: ఇది హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ తీసిన చిత్రం.

ఆయన కార్యనిర్వాహక నిర్మాత మాత్రమే. దర్శకులు ఆండ్రూ లౌ, ఆండ్రూ లూ. ‘ఇన్ఫర్నల్ అఫైర్స్’ (2002) దర్శకులలో ఆండ్రూ లౌ ఒకరు, దానినే స్కోర్సెసీ 2006లో ‘ది డిపార్టెడ్’గా మళ్లీ తీశారు కనుక ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఇంకొక పొరపాటు కూడా తరచుగా వింటాను: దర్శకుడు ఆండ్రూ లౌ, నటుడు ఆండీ లౌ ఒకరు కారు. 1988లో హాంకాంగ్ వీధి రౌడీల మీద వచ్చిన ‘యాజ్ టియర్స్ గో బై’లో ఛాయాగ్రాహకుడిగా కెమెరా వెనుక ఉన్నది మొదటివారు, కెమెరా ముందు ఉన్నది రెండవవారు.

అపోహ: ఈ ముఠాలన్నీ చైనా నుంచి దిగుమతి అయిన ప్రాచీన రహస్య సంఘాల శాఖలు.

డ్రాగన్ల పేర్లు, అగరొత్తుల పొగ, రక్తప్రమాణాలు చూసి చూసి మనకు ఈ నమ్మకం స్థిరపడింది. వాస్తవానికి ఈ కథకు మూలం చైనా కొండల్లోని మఠాలలో కంటే అమెరికా చట్టసభలోనే ఎక్కువగా ఉంది. 1882లో చైనా కూలీల వలసను అమెరికా చట్టం ద్వారా నిషేధించింది. 1943లో ఆ నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు కూడా చైనీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది మాత్రమే. ఆ అరవై ఏళ్లలో భార్యాబిడ్డలను రప్పించుకోలేక ఒంటరిగా మిగిలిపోయిన మగవారు, అప్పు కావాలన్నా తగువు తీర్చుకోవాలన్నా శవాన్ని స్వదేశానికి పంపాలన్నా ఆశ్రయించినవి అక్కడే పుట్టిన సంఘాలు. వాటిలో ‘టాంగ్’ అనే తరహా సంఘాలు సహాయంతో పాటు జూదశాలలనూ నడిపాయి.

1965 వలస చట్టం తరువాత కుటుంబాలు రావడం మొదలైంది, వారితో పాటు యుక్తవయస్సు పిల్లలూ వచ్చారు. వీధిలో పోగైన ఆ కుర్రవాళ్లను టాంగ్‌లు జూదశాలల కాపలాకు పెట్టుకున్నాయి. మాన్‌హాటన్ చైనాటౌన్‌లో మాట్ స్ట్రీట్ వైపు ఆన్ లియాంగ్ సంఘం నీడలో ఘోస్ట్ షాడోస్, పెల్ స్ట్రీట్ వైపు హిప్ సింగ్ సంఘం నీడలో ఫ్లయింగ్ డ్రాగన్స్ అలా ఎదిగాయి. గ్రీన్ డ్రాగన్స్ వీటి తరువాత వచ్చిన ముఠా. అది నదికి అవతల, క్వీన్స్‌లోని ఎల్మ్‌హర్స్ట్, ఫ్లషింగ్ వీధులకు చెందినది.

ఫ్లషింగ్ అనగానే అమెరికా వెళ్లివచ్చిన మనవారికి బౌన్ స్ట్రీట్‌లో 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి ఆలయం, దాని క్యాంటీన్ దోసెలు గుర్తుకు వస్తాయి. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ ఆ దేశపు తలుపు తెరిచినది కూడా ఆ 1965 చట్టమే. అయితే మనవారిలో తొలితరం ఎక్కువగా చదువు ఆధారంగా వెళ్లింది, హాంకాంగ్ నుంచి బంధుత్వం ఆధారంగా వెళ్లిన అనేక కుటుంబాల చేతిలో మాత్రం డిగ్రీ గానీ ఇంగ్లీషు గానీ లేదు. ఈ తేడాను పక్కన పెట్టి ‘మన పిల్లలు అలా కాలేదే’ అని ఒక పెద్దాయన ఆ రోజు అన్న మాట నాకు సబబుగా తోచలేదు.

అపోహ: పిల్లలు డబ్బు మీద ఆశతో, సాహసం మీద మోజుతో ముఠాలో చేరతారు.

కొందరి విషయంలో ఇది నిజం కావచ్చు. కాని తల్లి కుట్టుమిషన్ల కర్మాగారంలో, తండ్రి రెస్టారెంటు వంటగదిలో రోజుకు పది, పన్నెండు గంటలు పనిచేసే ఇంట్లో, పద్నాలుగేళ్ల వయసులో భాష తెలియని బడిలో కూర్చోబెట్టిన కుర్రవాడిని ఊహించుకోవాలి. బడిలో తోటివారు ఎగతాళి చేస్తారు, కొడతారు, సాయంత్రం ఇంటికి వస్తే మాట్లాడే మనిషి ఉండడు. ముఠా అతనికి ముందుగా ఇచ్చేది తుపాకీ కాదు, తోడు. తరచుగా ముందు దెబ్బలు, తరువాత ఆదరణ అనేది పద్ధతి: చేరనన్నవాడిని వాళ్లే కొట్టి, ఇక నిన్ను ఎవరూ కొట్టకుండా మేము చూసుకుంటామని వాళ్లే చెబుతారు. ముఠా అద్దెకు తీసుకున్న ఇంట్లో పడక, వేళకు తిండి, పిలిచే పేరు దొరికాక, బయటికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఈ చిత్రం మొదటి సగంలో ఈ సంగతిని పట్టుకున్నదని, రెండవ సగంలో నెత్తురు మీద చూపిన శ్రద్ధను దీని మీద చూపలేదని నా అభిప్రాయం.

తెర మీద ముప్పై ఏళ్ల నటులు కనిపించడం వల్ల మనం మరిచిపోయే విషయం వయస్సు. 1977 సెప్టెంబరు 4న శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ డ్రాగన్ రెస్టారెంటులో ప్రత్యర్థి ముఠాను వెతుక్కుంటూ వచ్చి కాల్పులు జరిపినవారు కుర్రవాళ్లే. అయిదుగురు మరణించారు, పదకొండు మంది గాయపడ్డారు. వారిలో ఒక్కరికీ ఏ ముఠాతోనూ సంబంధం లేదు.

అపోహ: వీరి దోపిడీకి గురైనవారు బయటివారు.

కాదు. ముఠాల ప్రధాన ఆదాయం తమ భాషే మాట్లాడే దుకాణదారుల నుంచి వచ్చేది. సినిమా పిస్తోలు చూపిస్తుంది గాని, వాస్తవంలో ఎక్కువ భాగం చాలా మర్యాదగా సాగేది: భోజనం చేసి బిల్లు కట్టకుండా వెళ్లడం, చైనా నూతన సంవత్సరానికి ఒక పూల మొక్కను తెచ్చి పదింతల ధరకు అంటగట్టడం, శుభాకాంక్షల పేరుతో ఎర్ర కవరులో సొమ్ము అడగడం. ఇచ్చేవారు చాలావరకు పోలీసుల దాకా వెళ్లలేదు, ఎందుకంటే పోలీసు స్టేషనులో తమ భాష తెలిసినవారు లేరు, ముఠాకు మాత్రం తమ ఇల్లు తెలుసు. ఆ సొమ్ముకు మొదట ‘రక్షణ రుసుము’ అని రాశాను. అది మున్సిపాలిటీ రసీదులా ఉందనిపించి కొట్టేసి, ‘మామూలు’ అని మార్చాను. దానికి ప్రేక్షకులు అర్థం అడగలేదు.

అపోహ: ‘నిజ సంఘటనల ఆధారంగా’ అని వేశారు కనుక చూపినదంతా జరిగింది.

చిత్రానికి ఆధారం ఫ్రెడ్రిక్ డానెన్ 1992లో ‘ది న్యూయార్కర్’ పత్రికకు రాసిన వ్యాసం. ఆ ముఠా ఉండేది నిజం, హత్యలు నిజం, 1990లో అరెస్టులు జరిగి, 1992లో బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో శిక్షలు పడడం నిజం. కాని పాత్రలు కల్పనతో కలిపి అల్లినవి, సంభాషణలు పూర్తిగా రచయితలవి.

మనుషుల అక్రమ రవాణాలో పేరుమోసిన ‘గోల్డెన్ వెంచర్’ నౌకను కూడా గ్రీన్ డ్రాగన్స్‌కే అంటగట్టే గందరగోళం ఒకటి ఉంది. ఆ వ్యాపారం చేసేవారిని చైనీయులు ‘పాముతల’ అంటారు. 286 మందిని మోసుకొచ్చిన ‘గోల్డెన్ వెంచర్’ నౌక క్వీన్స్‌లోని రాకవే తీరంలో ఇసుకలో కూరుకుపోయి పదిమంది మరణించినది 1993 జూన్ 6న, అంటే గ్రీన్ డ్రాగన్స్ నాయకత్వం చెదిరిపోయిన తరువాత. ఆ నౌకతో సంబంధం ఉన్నది ఫుక్ చింగ్ అనే వేరే ముఠాకు. ఆ ప్రయాణానికి ఒక్కొక్కరూ ఒప్పుకున్న ధర సుమారు 30,000 డాలర్లు. రెస్టారెంట్లలో ఏళ్ల తరబడి పనిచేసి తీర్చవలసిన అప్పు అది.

అపోహ: ఇటువంటి చిత్రాల మీద నిరసన తెలిపే చైనా సంతతివారు నేరాన్ని దాచాలని చూస్తున్నారు.

1985లో న్యూయార్క్ చైనాటౌన్ ముఠాల మీద తీసిన ‘ఇయర్ ఆఫ్ ది డ్రాగన్’ విడుదలైనప్పుడు అమెరికాలో గట్టి నిరసనలు జరిగి, చిత్రానికి ముందు ఒక వివరణ ప్రకటన చేర్చవలసి వచ్చింది. ముఠాలు లేవని నిరసనకారులు అనలేదు. తమ ముఖాలు తెర మీదికి వచ్చేది ముఠా కథలలోనేనా అని అడిగారు.

అపోహ: అందరూ మాట్లాడేది ‘చైనీస్’ కనుక అనువాదం సులువు.

నా వృత్తికి తగిలే అపోహ ఇది. మాన్‌హాటన్‌లో కాంటనీస్, తైవాన్ నుంచి వచ్చినవారి ఫ్లషింగ్‌లో మాండరిన్, చైనాలోని ఫుజియన్ రాష్ట్రం నుంచి వచ్చినవారి నోట ఈ రెండూ కాని మరొక భాష. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం ఆ వీధుల్లో మామూలే. చిత్రంలో ముఖ్యపాత్ర ధరించిన జస్టిన్ చాన్ కొరియా సంతతి అమెరికన్ కావడం మరొక విచిత్రం.

ముఠాలో పైవాడిని కాంటనీస్‌లో ‘దాయ్ లో’ అంటారు, అంటే పెద్దన్న. కిందివాడు ‘మా జాయ్’, మాటకు మాట చెబితే గుర్రప్పిల్ల. రెండవదానికి ‘కుర్రాడు’తో సరిపెట్టుకున్నాను, అందులో ఎక్కి తోలే జంతువు అనే ధ్వని పోయింది, అది నా ఓటమి. మొదటిదానికి మాత్రం వెతుక్కోనక్కరలేకపోయింది: ఇంట్లో తోబుట్టువునూ, వీధిలో నాయకుడినీ మనం పిలిచే ‘అన్నా’ అక్కడ అతికినట్టు కూర్చుంది. కథ ముదిరి నాయకుడి క్రూరత్వం బయటపడిన తరువాత వచ్చే సన్నివేశాల్లో దానిని ‘బాస్’ అని మార్చమని ప్రదర్శన నిర్వాహకుడు సూచించారు. ఆ కుర్రవాళ్లు చివరిదాకా పిలుపు మార్చలేదని చెప్పి, నేనూ మార్చలేదు.