మంచులో నడిచే కాళ్లకు ఏ ప్యాంటు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి,

తాతయ్య దీవించి రాస్తున్న ఉత్తరం.

బుజ్జీ, మొన్న ఫోనులో నువ్వు అడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదని అలిగావట. చెప్పలేక కాదమ్మా, రెండు ముక్కల్లో తేలేది కాదని ఊరుకున్నాను. నువ్వు అడిగింది ఇదీ: "క్యాంపు లిస్టులో సాఫ్ట్‌షెల్ ప్యాంటు అని రాశారు. షాపులో చూస్తే ఆ ప్యాంటు వాటర్‌ప్రూఫ్ కాదట. పక్కనే పూర్తి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు ఉంది. మంచులో దిగబడకుండా బూట్ల కింద వెడల్పాటి స్నోషూలు కట్టుకుని రోజంతా మంచులో నడిచేవాళ్లం, తడిసే ప్యాంటు ఎందుకు కొనుక్కోవాలి తాతయ్యా?"

ప్యాంటు కొనబోయే పెద్దవాళ్లలో కూడా చాలామందికి ఈ ప్రశ్న తోచదు. లేబుల్ మీద వాటర్‌ప్రూఫ్ అన్న మాట కనబడగానే బిల్లు కట్టేస్తారు.

చలిలో నడిచేవాళ్లని ముందుగా తడిపేది మంచు కాదు, వాళ్ల చెమట. బయటి నీళ్లు లోపలికి రాకుండా చూసుకోవడం ఎంత ముఖ్యమో, లోపలి నీళ్లు బయటికి పోనివ్వడం అంతకన్నా ముఖ్యం.

పొయ్యి మీద ఒక గిన్నె పెట్టామనుకోండి. గిన్నెలో నీళ్లు, కింద మంట. మీ కాళ్లే ఆ గిన్నె. తొడల్లో, పిక్కల్లో ఉన్న కండరాలే మంట. కండరం ఖర్చుచేసే శక్తిలో మహా అయితే నాలుగో వంతు నడకకు పనికొస్తుంది, మిగతాదంతా వేడిగానే పోతుంది. అందులోనూ స్నోషూలతో ఎత్తు ఎక్కడమంటే, మెత్తటి మంచులోంచి ప్రతి అడుగునూ పైకి లాగాలి. అప్పుడు మంట పూర్తిగా పెంచినట్టే. గిన్నెలోంచి ఆవిరి వస్తుంది, మీ కాళ్లకు చెమట పడుతుంది.

ఇప్పుడు ఆ గిన్నె మీద గట్టిగా మూత పెట్టండి. కాసేపాగి మూత తీసి లోపలివైపు చూస్తే నీటిబొట్లు వేలాడుతుంటాయి. బయటినుంచి ఒక్క చుక్క పడలేదు కదా, అయినా మూత తడే. పూర్తి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు అంటే ఆ మూత. ఈ కాలపు వాటర్‌ప్రూఫ్ బట్టలో చాలా సన్నని పొర ఒకటి ఉంటుంది. అలాంటి పొరల్లో పేరుమోసిన గోర్‌టెక్స్‌కి మూలమైన పదార్థాన్ని 1969లో బాబ్ గోర్ అనే ఆయన సాగదీసి తయారుచేశాడు. ఆ పొర ఆవిరిని అసలు పోనివ్వదని అనను, పోనిస్తుంది. కానీ మీరు రొప్పుతూ ఎక్కుతున్నప్పుడు పుట్టే ఆవిరి మోతాదు వేరు, ఆ పొర పంపగలిగే మోతాదు వేరు.

అలాగని మూత తీసేసి మామూలు ఉన్ని ప్యాంటుతో వెళ్తే? ఆవిరి హాయిగా పోతుంది, గాలి కూడా హాయిగా లోపలికొచ్చి ఉన్న వేడి కాస్తా ఊడ్చుకుపోతుంది. మంచు ముద్దలు ఆ నూగుకి అంటుకుని వేలాడతాయి కూడా.

మూడో దారి ఒకటుంది. గిన్నె మూతికి దగ్గర నేత ఉన్న గుడ్డ ఒకటి బిగించి కట్టండి. ఆవిరి గుడ్డలోంచి నెమ్మదిగా పోతూ ఉంటుంది, గాలి మాత్రం ఒక్కసారిగా లోపలికి దూరలేదు. సాఫ్ట్‌షెల్ అంటే ఆ గుడ్డ, అంతే. నైలాన్‌తోనో పాలియెస్టర్‌తోనో దగ్గరగా నేసి, సాగడానికి కొంచెం ఎలాస్టేన్ కలిపి, నీటిచుక్క జారిపోయేలా పైన ఒక పూత పూస్తారు.

చిన్నప్పుడు నాకొక ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఉండేది. వానలో బడికి నడక, నడకంటే పరుగే. బడికి చేరేసరికి కోటు పైన ఎంత తడో లోపల చొక్కా కూడా అంతే తడిగా ఉండేది. కోటుకి ఎక్కడో చిల్లు పడిందని మా అన్నయ్య తేల్చాడు. ఇద్దరం కలిసి ఒక్కో చేతిని కింద ముడివేసి, బిందెలోని నీళ్లు పోసి, పైకెత్తి పట్టుకుని చూశాం. ఒక్క చుక్క కారలేదు! వీపు భాగాన్ని దీపానికి అడ్డంగా పెట్టి కూడా వెతికాం. చిల్లు దొరక్కపోయేసరికి మా అన్నయ్య కోటుకి దెయ్యం పట్టిందన్నాడు. అది దెయ్యం కాదనీ, నా ఒంటి చెమటేననీ మా సైన్సు మాస్టారు చెప్పారు. ఆయన పాఠం చెప్పేటప్పుడు సుద్దముక్క నోట్లో పెట్టుకునేవారు. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే మీ ప్యాంటు సంగతి వెనకబడుతుంది.

వానలో చొక్కా తడిస్తే తుమ్ములతో సరిపోతుంది. మంచులో అలా కాదు. కదలని గాలితో పోలిస్తే నీళ్లు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. పైగా చెమట ఆరేటప్పుడు కూడా ఒంట్లోని వేడినే వాడుకుంటుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి పట్టే వేడితో ఇంచుమించు 58 గ్రాముల నీళ్లను 10 డిగ్రీలు వేడెక్కించవచ్చు. ఎక్కుతున్నంతసేపూ మంట పెద్దగా ఉంటుంది కాబట్టి ఇదేమీ తెలియదు. పైకి చేరి ఫొటోలకని ఆగుతారు చూడండి, అప్పుడు తెలుస్తుంది. మంట తగ్గింది, తడి మాత్రం అలాగే ఉంది. జీన్స్ వద్దనేది కూడా ఇందుకే. నూలు నీళ్లను పీల్చుకుని వదలదు, బరువెక్కుతుంది, చలికి బిర్రబిగుసుకుపోతుంది.

ఇందాకటి దగ్గర నేత గురించి ఇంకో మాట చెప్పాలి. 1879లో థామస్ బర్బెరీ అనే ఇంగ్లీషు వ్యాపారి దగ్గర నేతతో గాబర్డీన్ అనే బట్ట తయారుచేశాడు. 1914లో దక్షిణధ్రువం వైపు బయలుదేరిన షాకల్టన్ అనే అన్వేషకుడి బృందం గాలికి అడ్డుగా వేసుకున్నది ఆ బట్టే. రబ్బరు పూత లేకుండా, కేవలం నేత బిగువుతో గాలిని ఆపి ఆవిరిని వదిలే బట్ట అది. మీ సాఫ్ట్‌షెల్‌కి తాతయ్య వరస అవుతుందన్నమాట! దానికి లేనిది సాగే గుణం. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఎలాస్టేన్ దారం కనిపెట్టాక ఆ లోటూ తీరింది. లైక్రా అని మీరు వినే పేరు దానిదే. గిన్నెకు మోకాళ్లుండవు కాబట్టి దాని గుడ్డ సాగనక్కర్లేదు. మీ గుడ్డ ప్రతి అడుగుకీ సాగాలి.

షాపులో సాఫ్ట్‌షెల్ అన్న పేరుతో మూడు రకాలు వేలాడుతుంటాయి. లోపల ఏమీ లేని పలచని రకం ఒకటి. లోపలివైపు మెత్తటి నూగు ఉన్నది రెండోది. మూడోదానిలో బట్ట మధ్య ఒక పొర అతికించి ఉంటుంది, గాలిని పూర్తిగా ఆపుతుంది. ఆ మూడోది నడిచే పిల్లలకు నేను కొననివ్వను. అది గుడ్డలా కనిపించే మూత. కదలకుండా నిలబడి పనిచేసేవాళ్లకి అది బాగుంటుంది. నూగు ఉన్నది బాగా చలి పడే చోట, నెమ్మదిగా నడుస్తూ తరచుగా ఆగేవాళ్లకు పనికొస్తుంది. నా ఓటు మొదటిదానికే. పలచని ప్యాంటు కొని, లోపల మెరినో ఉన్నిదో పాలియెస్టర్‌దో ఒక థర్మల్ వేసుకోండి. ఎండ కాసిన రోజు థర్మల్ మానేయొచ్చు. ప్యాంటుకి కుట్టేసిన నూగుని మానేయలేం కదా. కాళ్లు ఎలాగూ మంట దగ్గరే ఉంటాయి, ఛాతీకి కావలసినంత బట్ట వాటికి అక్కర్లేదు.

తొడ పక్కన పొడవాటి జిప్పు ఉన్న ప్యాంటు దొరికితే వదలకండి. ఎక్కేటప్పుడు తీసి, దిగేటప్పుడు వేసుకోండి. గుడ్డ ముడి కాస్త వదులు చేసినట్టు. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలేస్తుంటే సరిగ్గా వేసుకున్నట్టే, పదినిమిషాల్లో మంట అందుకుంటుంది. చిన్నూ, ఇది నీకు ప్రత్యేకం: అందరికన్నా ముందు పైకెక్కాలని పరుగెత్తకు. ముందు చేరినవాడు వెనకవాళ్లు వచ్చేదాకా చెమటతో నిలబడి వణకాలి. చెమట పట్టనంత నిదానంగా నడవడం కూడా ఒక నేర్పు. అది ఏ షాపులోనూ దొరకదు.

సాఫ్ట్‌షెల్ ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. చలి సున్నాకి బాగా దిగువన ఉంటే మంచు పొడిగా ఉంటుంది, చేత్తో దులిపితే రాలిపోతుంది. ఆ రోజు సాఫ్ట్‌షెల్‌కి ఎదురులేదు. సున్నా దగ్గర తచ్చాడే రోజు అలా కాదు. మంచు బట్ట మీద పడగానే కరుగుతుంది, ఒక్కోసారి వానే పడుతుంది. పూత కాసేపు ఆపుతుంది, తరవాత లొంగిపోతుంది. అందుకని బ్యాగులో ఒక పలచని వాటర్‌ప్రూఫ్ పైప్యాంటు పెట్టుకోవాలి. దాని జిప్పు నడుం నుంచి కిందిదాకా పక్కలకి పూర్తిగా తెరుచుకోవాలి. లేకపోతే గడ్డకట్టిన వేళ్లతో బూట్లు విప్పాల్సొస్తుంది, అదో పెద్ద టెన్షన్. మూత మూతే, దాన్ని అవసరం పడినప్పుడు పెట్టుకుందాం, పొద్దున్నుంచీ పెట్టుకుని తిరగొద్దు. ఇంకోటి, మంచు మీద కూచుంటే మీ బరువుకి నీళ్లు బట్టలోకి దిగుతాయి. కూచోవడానికి చిన్న ఫోమ్ ముక్క ఒకటి పెట్టుకోండి.

స్నోషూకి కొన్ని చిలిపి చేష్టలున్నాయి. అడుగెత్తినప్పుడల్లా దాని తోక మంచుని ఎగరేసి మీ పిక్కల మీద కొడుతుంది. ఆ మంచు మెల్లగా బూటులోకి జారుతుంది. అందుకే గెయిటర్లు కట్టుకోవాలి, అంటే బూటు పైనుంచి మోకాలి కిందిదాకా కాలిని చుట్టి ఉండే తొడుగులు. కొన్ని ప్యాంట్లకి అడుగున లోపలే సాగే పట్టీ ఉంటుంది, బూటు తాడుకి తగిలించే కొక్కెం కూడా ఉంటుంది. తేలిక మంచులో అది చాలు, లోతు మంచులో చాలదు. స్నోషూ అడుగున ఇనుప పళ్లుంటాయి. ఎడమ కాలి పళ్లు కుడి ప్యాంటుని గీరడం మామూలే, కాబట్టి చీలమండ లోపలివైపు గట్టి బట్ట అతికించి ఉందేమో చూసుకోండి. కింద అంచు మరీ వెడల్పుగా ఉండకూడదు.

షాపులోకి థర్మల్ వేసుకునే వెళ్లండి. ప్యాంటు తొడుక్కుని గొంతుక్కూచోండి. తరవాత మోకాలు నడుం ఎత్తుకు లేపండి. వెనక నడుం కనబడినా, మోకాలి దగ్గర బట్ట పట్టేసినా అది మీది కాదు. పక్కన ఎవరో నవ్వుతున్నారని సిగ్గుపడకండి, మంచులో నడిచేది మీరు. నడుం దగ్గర లావుపాటి బెల్టు బకిలు వద్దు, బ్యాగు పట్టీ దానిమీదే కూచుని రోజంతా పొడుస్తుంది. జేబులు తొడ మీద ఉండి, జిప్పులుంటే మేలు.

ఉతకడం గురించి మీ అమ్మకి ఒక మాట చెప్పండి. బట్టను మెత్తబరిచే సాఫ్టెనర్ మాత్రం పోయొద్దు, పూత పని చెడుతుంది. నీళ్లు బొట్లుగా నిలవడం మానేశాయంటే ముందు శుభ్రంగా ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్లో సన్నని వేడి చూపిస్తే పూత మళ్లీ లేస్తుంది. అప్పటికీ లేవకపోతే కొత్త పూత పూయాలి. పాత పూతల్లో ఫ్లోరిన్ రసాయనాలుండేవి. అవి మట్టిలో నీళ్లలో ఎన్నాళ్లైనా విరగవు. అందుకే కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 నుంచి చాలా రకాల బట్టల్లో వాటిని నిషేధించాయి. వాటి బదులు వచ్చిన పూతలకి మురికి, జిడ్డు పడితే తట్టుకోవడం తక్కువ, కాబట్టి కాస్త తరచుగా ఉతకాలి.

దారాల మధ్య సందుల్లోంచి ఆవిరి దూరిపోతుంది, అదే నీళ్లు చుక్కగా మారి పైనుంచి పడితే ఆ సందుల్లోకే దిగలేదు. లోపలివీ నీళ్లే, బయటివీ నీళ్లే! ఒకదాన్ని పోనిచ్చి ఇంకోదాన్ని ఆపడానికి ఆ గుడ్డకి ఎక్కడా తలుపూ లేదు, కాపలావాడూ లేడు. తలతన్యత అనీ ఇంకోటనీ నేను మొదలుపెడితే మీకు నిద్రొస్తుంది. ఎన్నేళ్లైనా నాకు మాత్రం ఇది వింతగానే ఉంటుంది.

రాత్రికి మీరే చూడండి. గ్లాసులో సగందాకా వేడి నీళ్లు పోయించుకోండి, మరిగేవి వద్దు. నాన్న పాత సాఫ్ట్‌షెల్ జాకెట్ చేతిని గ్లాసు మూతికి బిగించి, రబ్బరు బ్యాండు వేసి, పైన అద్దం పట్టుకోండి. అద్దం ఎంతసేపటికి మసకబారుతుందో లెక్కపెట్టండి. తరవాత అదే గుడ్డ మీద నాలుగు చుక్కల నీళ్లు వెయ్యండి. ఇదే పని ప్లాస్టిక్ కవరుతో కూడా చేసి, ఏం జరిగిందో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. చిన్నూ, అక్క రాసింది చూసి రాయకు.

గెయిటర్ల బకిళ్లు కాలికి బయటివైపు రావాలి. లోపలివైపు వస్తే ఒకదానికొకటి తగులుకుని పడతారు. బయలుదేరే ముందు ఇంట్లోనే ఒకసారి గ్లవ్స్‌తో కట్టుకుని చూసుకోండి.

అమ్మకీ నాన్నకీ నా ఆశీస్సులు చెప్పండి.

మీ
తాతయ్య