గుర్రం మీద నుంచి పడ్డాక: నేను రోజూ వినే అపోహలు, చూసే వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో, మొయినాబాద్ వైపు ఒక లాయంలో పెద్దవాళ్లకి గుర్రపు స్వారీ నేర్పడం నా పని. పెద్దవాళ్లంటే 30 దాటినవాళ్లు. సాఫ్ట్‌వేర్ వాళ్లు, డాక్టర్లు, ఇద్దరు ముగ్గురు గృహిణులు, ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు. వీళ్లలో సగంమంది ఎక్కడో ఒకచోట పడి, నెలలో ఏళ్లో మానేసి, మళ్లీ వచ్చినవాళ్లే. మొదటిరోజు కారు దిగి గేటు దగ్గరే నిలబడి కాసేపు ఫోన్ చూసుకుంటారు. ఫోన్‌లో ఏమీ ఉండదు. అది వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకంటే నేనూ అలా నిలబడ్డదాన్నే. 38వ ఏట పడ్డాను, 11 నెలలు గుర్రం మొహం చూడలేదు.

వాళ్ల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పడగానే మళ్లీ ఎక్కేయాలి, లేకపోతే భయం ఎముకల్లోకి దిగుతుంది

గుర్రాల చుట్టూ తిరిగే ప్రతివాళ్లూ చెప్పే మాట ఇది. నేను పడ్డరోజు నాకూ చెప్పారు. దుమ్ము దులుపుకుని ఎక్కాను, పది నిమిషాలు తిరిగాను, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికెళ్లి చపాతీ పిండి కలపబోతే కుడిచెయ్యి సహకరించలేదు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. రెండు వారాలయ్యాక తీసినదాంట్లో మణికట్టులో, బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక విరిగిందని తేలింది. స్కాఫాయిడ్ అంటారు దాన్ని. చెయ్యి చాపి పడేవాళ్లకి తరచూ విరిగే ఎముక. మొదటి ఎక్స్‌రేకి చిక్కకపోవడం దానికి మామూలే. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పిగా ఉందంటే, ఎక్స్‌రే బాగుందన్నా సరే మళ్లీ చూపించుకోండి.

దెబ్బ వేడి మీద ఉన్నప్పుడు నొప్పి తెలియదు. కాబట్టి "బాగానే ఉన్నాను" అని పడ్డవాళ్లు చెప్పే మాటని నేను లెక్కలోకి తీసుకోను. కింద కూర్చోబెడతాను, నీళ్లిస్తాను, ఇవాళ ఏ వారం, ఏ గుర్రం ఎక్కారు అని అడుగుతాను. తలకి తగిలిందంటే ఆ రోజుకి స్వారీ లేదు, డాక్టరు సరే అనేదాకా ఆ తర్వాత కూడా లేదు. పూర్తిగా కోలుకోని మెదడుకి రెండో దెబ్బ తగిలితే ప్రమాదం చాలా ఎక్కువ. అడిగిందే మళ్లీ అడగడం, వాంతులు, పెరిగిపోతున్న తలనొప్పి, మత్తుగా జోగడం, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా కనబడటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తిన్నగా ఆస్పత్రికే. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లయితే ఏమీ లేకపోయినా ఒకసారి చూపించుకోవాల్సిందే. పెద్దవాళ్లని చేర్చుకునేటప్పుడు ఫీజు కంటే ముందు ఆ మాత్రల సంగతే అడుగుతాను.

నిజంగా ఏమీ తగల్లేదా? అప్పుడు ఎక్కి, నడకలో రెండు చుట్లు వేసి దిగండి. బాగుంటుంది. ఎక్కకపోయినా కొంప మునగదు.

అపోహ: గుర్రం కావాలనే పడేసింది, దానికి నేనంటే గిట్టదు

చిలుకూరు చుట్టుపక్కల నెమళ్లు ఎక్కువ. పొదలోంచి ఒక్కసారిగా టపటపమని లేస్తాయి. గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. తోక వెనకా, నుదుటికి సరిగ్గా ఎదురుగా కాస్తంత మేర మాత్రం దానికి కనబడదు. అంటే మీరు కనీసం గమనించని నెమలి దానికి ముందే కనబడుతుంది. పులులకి ఆహారమైన జాతి అది. ముందు పరుగు, తర్వాత ఆలోచన. పక్కకి ఒక గెంతు గెంతిందంటే మీరున్న చోట గుర్రం ఉండదు. ఇందులో మీ మీద కోపం ఎక్కడుంది చెప్పండి?

సంక్రాంతి రోజుల్లో గాలిపటాలు, పెళ్లిళ్ల సీజన్లో పక్క ఫామ్‌హౌస్ బాణసంచా, ఎగిరొచ్చే ప్లాస్టిక్ కవర్లు, అన్నీ ఇదే కోవ. ఇంకో పెద్ద కారణం మనుషులం మనమే: వదులుగా ఉన్న తంగ్. జీను కదలకుండా పొట్ట కింద నుంచి బిగించే పట్టీని మా సాయీసులు, అంటే గుర్రాల్ని చూసుకునేవాళ్లు, తంగ్ అంటారు. బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట బిగబట్టుకుంటాయి. ఐదు నిమిషాలు నడిచాక ఊపిరి వదిలేస్తాయి, పట్టీ వదులవుతుంది, జీను పక్కకి జారుతుంది. కాస్త నడిపించి మళ్లీ బిగించాలి. మీరు పడ్డరోజు రెండోసారి బిగించారో లేదో గుర్తు తెచ్చుకోండి. చాలామందికి అక్కడే సమాధానం దొరుకుతుంది, దొరికాక సగం భయం తగ్గుతుంది. ఎందుకు పడ్డామో తెలియకపోవడం పడటం కంటే ఎక్కువ పీడిస్తుంది.

ఎప్పుడూ నిమ్మళంగా ఉండే గుర్రం ఉన్నట్టుండి వీపు ఎగరేయడం మొదలుపెడితే మాత్రం జీను కింద పుండో, నడుం నొప్పో, పంటి బాధో ఉందేమో చూపించాలి.

అపోహ: ధైర్యం వచ్చాక వస్తాను మేడమ్

దీని దగ్గర కాసేపు ఆగుతాను. నా వృత్తి అంతా దీని చుట్టూనే తిరుగుతుంది మరి.

ఇంట్లో కూర్చున్నవాళ్లకి ధైర్యం రావడం నేను చూడలేదు. "ఈ ఆదివారం వద్దులే" అనుకోగానే ఒళ్లు తేలికపడుతుంది. ఆ హాయే భయానికి మేత. వచ్చే ఆదివారానికి అది ఇంకాస్త బలుస్తుంది. అలాగని పళ్లు బిగించి ఎక్కేసినా లాభం లేదు. భయం మనసులో ఉందని వాళ్లంటారు. నాకు కనబడేది మోకాళ్లలో, వేళ్లలో, ముఖ్యంగా ఊపిరిలో.

ఒక బ్యాంకు మేనేజర్ గారు, వయసు 47, వేరే చోట పడి ఎనిమిది నెలల తర్వాత మా దగ్గరికి వచ్చారు. మొదటి మూడు ఆదివారాలు ఎక్కనే లేదు. రజియా అని మాకు 19 ఏళ్ల ఆడగుర్రం ఉంది. దాన్ని బ్రష్‌తో తోమడం, గిట్టల్లో మట్టి తీయడం, పట్టుకుని నడిపించి ఆపడం, అంతే. "దీనికి కూడా ఫీజేనా?" అని వాళ్లాయన నవ్వారు. నేల మీద నిలబడి ఆపగలిగిన గుర్రాన్ని పైనుంచి ఆపగలననే నమ్మకం కుదురుతుంది, ఆ ఫీజు దానికే.

నాలుగో వారం ఎక్కారు. పొడవాటి తాడు ఒక కొస నా చేతిలో, గుర్రం నా చుట్టూ గుండ్రంగా నడుస్తుంది. (దీని ఇంగ్లీషు పేరు తెలుగు చెవికి మహా ఇబ్బంది. అందుకే మేమంతా లాంగ్ రోప్ అంటాం.) గుర్రం మెడకి పాత రికాబు (జీనుకి వేలాడే, పాదం పెట్టుకునే చట్రం) పట్టీ ఒకటి కట్టాం, భయమేస్తే పగ్గాలు లాగకుండా దాన్ని పట్టుకోవడానికి. రెండో చుట్టుకే ఆవిడ ఊపిరి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టగానే పొట్ట, తుంటి గట్టిపడ్డాయి. మోకాళ్లు జీనుని నొక్కాయి, మడమలు పైకి లేచాయి, ఒళ్లు ముందుకి వంగింది. గుర్రానికి నేర్పిన భాషలో కాళ్లతో నొక్కడం, ముందుకి వంగడం అంటే "పద" అని అర్థం. నోటితో ఆగమంటూ ఒంటితో పరుగెత్తమని చెబుతున్నారన్నమాట. పాపం రజియా గందరగోళంగా అడుగులు వేగం చేసింది.

మా సాయీసు చాచా కంచె మీద నుంచి "సాంస్ లో మేడమ్, సాంస్ లో" అంటున్నాడు. ఆవిడ ఒకసారి గట్టిగా పీల్చి అలాగే ఆపేశారు. పీల్చమంటే అందరూ చేసే పనే అది. పీల్చడం కాదు, వదలడం కావాలి. "13వ ఎక్కం పైకి చెప్పండి" అన్నాను. ఆవిడ నావైపు విచిత్రంగా చూసి మొదలుపెట్టారు. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు... మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాదు. ముప్పై తొమ్మిది దగ్గర భుజాలు దిగాయి. అరవై ఐదు దగ్గర రజియా ఒక చెవి వెనక్కి తిప్పి ఆవిడ గొంతు వింది. తొంభై ఒకటి దాటాక ఆవిడ తడబడ్డారు, ఎనిమిదులు గుర్తురాలేదు, నవ్వారు. రజియా తల దించి ముక్కుతో పొడుగ్గా ఊది, నెమ్మదించింది. అక్కడితో దింపేశాను. మొత్తం 12 నిమిషాలు.

ఇంకో చుట్టు వేద్దామా అని అడిగినప్పుడే దింపాలి. అలసిపోయి బెదిరిపోయి దిగిన క్లాసు తర్వాతి వారాన్ని మింగేస్తుంది. మెట్టు ఎక్కించడానికి నా కొలబద్ద విసుగు. నడక బోరు కొడుతోందని మూడు వారాలు వరసగా అంటే, అప్పుడు ట్రాట్, అంటే నడకకి పై మెట్టు, చిన్న పరుగు. "మీరిది చేయగలరు" అని నేను ఎవరికీ చెప్పను. చేయగలిగినంతే ఇస్తాను.

పీడకలలు, పడ్డ క్షణం పదేపదే కళ్ల ముందుకి రావడం నెల దాటినా తగ్గకపోతే అది నా లాయంలో తేలే విషయం కాదు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటాను. వెళ్లొచ్చినవాళ్లు నాకు సులువైన విద్యార్థులు.

అపోహ: గుర్రానికి భయం తెలిసిపోతుంది, కాబట్టి ధైర్యంగా నటించాలి

తెలిసిపోవడం నిజం. నటన పనికిరాదు. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల చేత గుర్రాలని నడిపించారు, కొన్నిటి మీద స్వారీ చేయించారు. ఒక దఫాలో "ఈసారి గుర్రం ముందు గొడుగు తెరుస్తాం" అని మనుషులకి చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ల కింద, పక్కన ఉన్న గుర్రాలదీ పెరిగింది. మీరు పైకి నవ్వుతున్నా పగ్గాల మీద వేళ్లు నిజం చెప్పేస్తాయి. దానికంటే "ఇవాళ టెన్షన్‌గా ఉంది" అని నాకు చెప్పేయండి, ఆ రోజుకి తగిన పని ఇస్తాను. అది విని మొహం చిట్లించే కోచ్ అయితే, పడ్డాక ఏమీ అడక్కుండా అదే గుర్రం ఎక్కించే చోటయితే, మారిపోండి.

అపోహ: పగ్గాలు గట్టిగా పట్టుకుంటే పడం

హైదరాబాద్‌లో ఇది మరీ ముఖ్యం. మలక్‌పేట రేసుకోర్సు ఉన్న ఊరు కదా, రేసుల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్లు (రేసుల కోసం పెంచే జాతి గుర్రాలు) స్వారీ నేర్పే చోట్లకి వస్తుంటాయి. అందమైనవి, తెలివైనవి, నాకు ప్రాణం. కానీ రేసుల్లో వాటి శిక్షణ వేరు. జాకీ పగ్గాలు బిగువుగా పట్టుకుంటాడు, గుర్రం ఆ బిగువు మీద ఆనుకుని పరుగు తీస్తుంది. కొత్తగా శిక్షణ ఇవ్వని రేసు గుర్రం మీద బెదిరి రెండు చేతులతో లాగారంటే, దానికి అర్థమయ్యేది ఇంకోటి. మీరెంత లాగితే అదంత తోస్తుంది. 450, 500 కిలోల జీవితో తాడు లాగుడు పోటీలో మనం గెలవం. ఒక పక్క పగ్గం లాగి వదులుతూ గుండ్రంగా తిప్పాలి, వలయం చిన్నది చేస్తూ పోతే వేగం దానంతటదే తగ్గుతుంది. ఇది వేగంలో ఉన్నప్పుడు నేర్చుకునే విద్య కాదు, ముందు నడకలోనే వందసార్లు చేసి పెట్టుకోవాలి. రెండు కాళ్లూ రికాబుల్లోంచి తీసి కిందికి దూకడం కూడా అంతే. ఆగి ఉన్న గుర్రం మీద మొదలుపెట్టి చేయిస్తాను. దిగే దారి తెలిసినవాళ్లకి ఎక్కడం సులువు.

ముసలి గుర్రం ఎక్కడం నామోషీ అనుకునేవాళ్లకి ఒకటే మాట: మా రజియా దగ్గర నేర్చుకోవడానికి నాకింకా ఉంది.

త్వరగా ఇంకో మూడు

బైక్ హెల్మెట్ చాలు: చాలదు. స్వారీకి వేరే హెల్మెట్ ఉంటుంది. తలకి గట్టి దెబ్బ తగిలాక పైకి పగులు కనబడకపోయినా అది పారేయాల్సిందే, లోపలి నురుగు పొర ఒకసారి నలిగితే మళ్లీ ఆదుకోదు.

స్పోర్ట్స్ షూ పర్వాలేదు: మడమ లేని బూటు రికాబులోంచి అవతలికి జారితే, పడ్డప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. చిన్న మడమ ఉన్న బూట్లే వేసుకోండి.

ఈ వయసులో ఇంకేం వస్తుంది: జపాన్‌కి చెందిన హిరోషి హోకెట్సు 2012 లండన్ ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీ పోటీలో దిగినప్పుడు ఆయన వయసు 71. మిమ్మల్ని ఒలింపిక్స్‌కి పంపనులెండి. ఎముక అతకడానికి టైం ఎక్కువ పడుతుందన్నది మాత్రం నిజం, ఫిజియోథెరపీ ఎగ్గొట్టి రావద్దు.

అపోహ: ఒకసారి పోయిందంటే భయం మళ్లీ రాదు

వస్తుంది. నాకు ఇప్పటికీ గాలి గట్టిగా వీచే రోజుల్లో మణికట్టు దగ్గర జివ్వుమంటుంది. ఆ రోజు లాంగ్ రోప్‌కి వెళ్లిపోతాను, సిగ్గుపడను.

మొన్న నవంబరులో ఆ మేనేజర్ గారు, తాడు లేకుండా, వేపచెట్ల వైపు ట్రాట్‌లో వెళుతున్నారు. పొదలోంచి నెమలి లేచింది. రజియా పక్కకి రెండడుగులు గెంతింది. ఆవిడ మెడపట్టీ పట్టుకున్నారు, దూరం నుంచే గొణుగుడు వినబడింది: పదమూడొకట్ల పదమూడు. గుర్రం ఆగింది. నా గుండె కూడా ఆగింది, చెప్పొద్దూ. దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ మొహం పాలిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి.

"దిగుతారా?" అన్నాను.

"ఒక్క నిమిషం" అని ఒక కాలు ముందుకి జరిపి, జీను కింద చెయ్యి పెట్టి చూసుకున్నారు. "చాచా, తంగ్ వదులైంది, ఇంకో కన్నం బిగించండి."