పైపు పట్టిన కొత్తలో నాలుక ఎందుకు మండుతుంది?

పైపు కాల్చడం కొత్తగా మొదలుపెట్టినవారు దాదాపు అందరూ మొదటి వారంలోనే మూడు ఇబ్బందులు చెబుతారు. నాలుక చివర మరుగుతున్న పాలు తగిలినట్టు చురుక్కుమంటుంది, మర్నాటిదాకా ఏ రుచీ సరిగ్గా తెలియదు. నిప్పు మాటిమాటికీ ఆరిపోతుంది. పొగాకు నింపే గిన్నె అడుగున తడి చేరి, పీల్చిన ప్రతిసారీ గురగురమని చప్పుడు వస్తుంది. ఇదంతా తమ చేతకానితనమనుకుని చాలామంది మరింత గట్టిగా పీలుస్తారు, దాంతో మంట ఇంకా పెరుగుతుంది. ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం సిగరెట్టు నేర్పిన పద్ధతిని పైపుకు పట్టించడం వల్ల వచ్చేవేనని నా అభిప్రాయం. యంత్రం చుట్టిన సిగరెట్టు రావడానికి మూడు వందల ఏళ్ల ముందే ఐరోపాలో పైపు రూపు దిద్దుకుంది. దానిలో వేసే ఆకు వేరు, దాన్ని కాల్చే తీరు వేరు.

అమెరికా ఖండాల మూలవాసులు రాతి పైపుల్లోనూ మట్టి పైపుల్లోనూ వేల ఏళ్లుగా పొగ తాగేవారు. 16వ శతాబ్దం రెండో సగంలో ఆ అలవాటు ఇంగ్లండుకు చేరినప్పుడు అక్కడి కుమ్మరులు తెల్ల బంకమట్టితో పైపులు చేయడం మొదలుపెట్టారు. ఆనాటి పైపు గిన్నె ఎంత చిన్నదంటే, అందులో చిటికెడు పొగాకు మాత్రమే పట్టేది. పొగాకు అంత ఖరీదైన సరుకు. దానిపై ద్వేషంతో 1604లో స్వయంగా ఒక ఖండన గ్రంథం రాసిన మొదటి జేమ్స్ రాజు, అదే ఏడాది పౌనుకు 2 పెన్నీలున్న దిగుమతి సుంకాన్ని 6 షిల్లింగుల 10 పెన్నీలకు పెంచాడు. వర్జీనియాలో సాగు విస్తరించి ధర దిగివచ్చిన కొద్దీ గిన్నె పెద్దదవుతూ వచ్చింది. విచిత్రమేమిటంటే, 1619లో లండన్ పైపు తయారీదారుల సంఘానికి అధికారపత్రం ఇచ్చినవాడూ ఆ రాజే.

మట్టి పైపు త్వరగా వేడెక్కుతుంది, గిన్నెను చేత్తో పట్టుకోవడం కష్టం. అందువల్ల నెమ్మదిగా పీల్చక తప్పదు. పొగ చల్లబడేందుకు కాడను, అంటే పొగ పీల్చే గొట్టాన్ని, పొడవుగా, సన్నగా చేసేవారు. కాలం గడిచే కొద్దీ కాడ పొడవు పెరిగి, దాని లోపలి రంధ్రం సన్నబడింది. 1954లో జె. సి. హారింగ్టన్ అనే పురావస్తు పరిశోధకుడు విరిగిన కాడల రంధ్రాలను డ్రిల్లు బిట్లతో కొలిచి, 17వ శతాబ్దం తొలినాళ్లలో అంగుళంలో 64వ వంతుల లెక్కన 9 ఉన్న రంధ్రం, 18వ శతాబ్దం చివరికి 4కు తగ్గిందని చూపాడు. ఆ కొలతను బట్టి తవ్వకాలలో నివాస స్థలాల కాలం కట్టడం నేటికీ జరుగుతోంది. ఆ కాలపు సమాధుల్లో దొరికిన కొన్ని దవడల్లో, మట్టి కాడను ఏళ్ల తరబడి కరిచిపట్టడం వల్ల పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య గుండ్రటి గంట్లు ఏర్పడి ఉంటాయి. పళ్లు బిగించినా ఆ సందులో కాడ అమరిపోతుంది.

18వ శతాబ్దంలో తుర్కియేలోని ఎస్కిషెహిర్ ప్రాంతపు మెత్తని తెల్ల ఖనిజం, అంటే మీర్‌షామ్, చెక్కడపు పైపులకు ప్రసిద్ధి పొందింది. అది తేమను పీల్చుకుని, వాడే కొద్దీ తేనె రంగుకూ ఆపైన గోధుమ రంగుకూ తిరుగుతుంది. కర్ర పైపులా మొదట్లో కొద్దికొద్దిగా నింపి కాలుస్తూ అలవాటు చేయవలసిన పని దానికి లేదు కానీ, చేయి జారితే పగులుతుంది.

కొత్తవారు నేడు వినే సలహాలలో సగం బ్రయర్ పైపుతో వచ్చినవి. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదట్లో, వేరుకూ కాండానికీ మధ్య, ఒక బుడిపె ఊరుతుంది. ఆ బుడిపె కర్రే బ్రయర్. దావానలానికి పైభాగం కాలిపోయినా పొద మళ్లీ చిగురించేది ఆ బుడిపె నుంచే. నిప్పును తట్టుకోవడం అలా ఆ కర్రకు పుట్టుకతో వచ్చిన గుణమైంది. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులోని సాన్ క్లోద్ పట్టణపు చెక్కపనివారు దానితో పైపులు చేయడం మొదలుపెట్టాక మట్టి పైపు క్రమంగా వెనకబడింది. బుడిపెను ముక్కలుగా కోసి, లోపలి రసం దిగిపోయేలా గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టిన తరువాతే గిన్నె తొలుస్తారు. ఎంత తట్టుకున్నా కర్ర కర్రే కాబట్టి, మొదటి కొన్నిసార్లు గిన్నెలో మూడో వంతు, ఆపైన సగం, ఆ తరువాత నిండుగా నింపుతూ లోపలి గోడకు పలుచని బొగ్గు పొర పట్టేలా చేయడం ఆనవాయితీ అయింది. ఆ పొర కర్రను కాపాడుతుంది. మరీ మందమైతే వేడికి వ్యాకోచించి గిన్నెనే పగలగొడుతుంది కనుక అప్పుడప్పుడు గీకాలి. అమెరికాలోని మిస్సోరీలో 1869లో హెన్రీ టిబ్బే మొదలుపెట్టిన మొక్కజొన్న బెండు పైపుకు ఈ తతంగమేదీ లేదు. కొత్తవారికి అనుభవజ్ఞులు తరచు దాన్నే చెబుతారు, ఆ సలహా సరైనదే.

పైపు కథలో అసలు మలుపు ఆకుతో వచ్చింది. పాత పైపు పొగాకును ఎక్కువగా గాలికి ఆరబెట్టేవారు, లేదా కర్రల పొగపై ఎండబెట్టేవారు. అలాంటి ఆకు పొగలో క్షార గుణం ఎక్కువ, అందులోని నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. పొగను ఊపిరితిత్తుల్లోకి లాగవలసిన పని లేదు. 1839లో నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో, స్టీఫెన్ అనే బానిస బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆరిపోతున్న మంటను బొగ్గులు వేసి ఒక్కసారిగా పెంచడంతో ఆకు మెరిసే పసుపు రంగుకు తిరిగిందని చెబుతారు. ఆ దారిలో స్థిరపడిన పద్ధతి, అంటే గొట్టాల గుండా పంపిన వేడితో ఆకును ఆరబెట్టడం (ఫ్లూ క్యూరింగ్), ఆకులో చక్కెరను నిలుపుతుంది. దాని పొగకు ఆమ్ల గుణం ఉండటం వల్ల గొంతుకు సులువుగా దిగుతుంది కానీ నోట్లో నికోటిన్ అంతగా ఇంకదు, లోపలికి లాగితేనే పని చేస్తుంది. 1881లో జేమ్స్ బాన్సాక్ సిగరెట్టు యంత్రానికి పేటెంటు పొందాక, ఆ లాగుడే లోకమంతటికీ పొగ తాగే పద్ధతిగా స్థిరపడింది.

నేడు పైపు పట్టేవారు ఆ లాగుడుతోనే వస్తారు. పైపు పొగను లోపలికి లాగితే నికోటిన్ మోతాదు మించి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, ఎక్కిళ్లు పడతాయి. ఖాళీ కడుపున ఇది మరీ ఎక్కువ. పైపు మిశ్రమాలలో ఇలా గొట్టాల వేడితో ఆరబెట్టిన వర్జీనియా ఆకు కూడా ధారాళంగా కలుస్తుంది, అందులోని చక్కెర వేగంగా పీలిస్తే ఎక్కువ వేడితో మండుతుంది. సువాసన కలిపిన రకాలు ఎండిపోకుండా ఉండటానికి తేమను పట్టి ఉంచే ద్రవాలు చేరుస్తారు. ఆ తేమ ఆవిరై నాలుకను కాలుస్తుంది, అడుగుకు దిగి గురగురలాడుతుంది. నింపే ముందు ఆకును కాసేపు గాలికి ఆరనివ్వమనడం అందుకే.

నింపడంలోనూ ఇదే లెక్క. మొదటి పొరను వదులుగా రాల్చి, రెండో పొరను కొద్దిగా అదిమి, మూడో పొరను మరికాస్త గట్టిగా నొక్కుతారు. వెలిగించని పైపును పీల్చి చూసినప్పుడు గొట్టంతో పానీయం తాగేటప్పటి పాటి అడ్డు మాత్రమే తగలాలి. మొదటి అగ్గిపుల్ల తగలగానే ఆకు లేచి ఉబ్బుతుంది. దాన్ని చిన్న కడ్డీతో మెల్లగా అణచి, రెండోసారి వెలిగించాలి. ఆపైన నిప్పు ఆరీ ఆరనట్టు ఉండేంత నిదానంగా పీల్చాలి. మధ్యలో ఆరిపోతే తప్పేమీ లేదు, మళ్లీ వెలిగించుకోవచ్చు. మట్టి పైపు వేడి వల్ల తప్పనిసరైన నిదానాన్ని బ్రయర్ కాలంలో మనిషే తెచ్చుకోవలసి వచ్చింది.

నిదానంగా, పొగ మింగకుండా కాల్చే పైపు హాని చేయదన్న పేరుకు కూడా ఒక చరిత్ర ఉంది, దాన్ని దాచడం కొత్తవారికి అన్యాయం. 1795లోనే జర్మన్ శరీరశాస్త్రవేత్త సామ్యూల్ థామస్ సోమరింగ్ పైపు కాల్చేవారిలో పెదవి క్యాన్సరు కనబడుతోందని రాశాడు. 1964లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి) నివేదిక పైపుకూ పెదవి క్యాన్సరుకూ కారణ సంబంధం రుజువైనట్టేనని చెబుతూనే, పైపు కాల్చేవారి మరణాల రేటు కాల్చనివారి కంటే పెద్దగా ఎక్కువ లేదని కూడా చెప్పింది. ఆ రెండో వాక్యమే జనంలో నిలిచిపోయింది, సిగరెట్టు మానదలచినవారు ఎందరో పైపు పట్టారు. అయితే సిగరెట్టు నుంచి వచ్చినవారు పైపు పొగను కూడా లోపలికి లాగుతారు. 2004లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం, పైపు మాత్రమే కాల్చిన పురుషుల్లో కూడా ఊపిరితిత్తులు, స్వరపేటిక, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లతో పాటు గుండె జబ్బు, పక్షవాతాల వల్ల మరణించే ప్రమాదం ఎక్కువని తేల్చింది. ఆ ప్రమాదం సిగరెట్టుతో పోలిస్తే తక్కువే అయినా, పొగను లోపలికి లాగనివారిని కూడా అది పూర్తిగా వదిలిపెట్టదు.