గేటు బయట వరస

చొక్కాకి కాలర్ కుట్టడం చూడ్డానికి తేలిక. రోబోకి మాత్రం అది నరకం. ఇనుప రేకు పెట్టినచోట ఉంటుంది. గుడ్డ అలా కాదు, జారుతుంది, ముడుచుకుంటుంది, లాగితే సాగుతుంది. కార్లకి వెల్డింగ్ చేసే రోబోలు వచ్చి దశాబ్దాలైనా, రెండు గుడ్డ ముక్కల అంచులు కలిపి సూది కిందికి తోసే పని నేటికీ చాలావరకు మనిషి వేళ్లదే. అందుకే కూలి ఎక్కడ తక్కువైతే బట్టల ఫ్యాక్టరీలు అక్కడికి మూటాముల్లె సర్దుకుంటాయి.

1979లో బంగ్లాదేశ్ నుంచి సుమారు 130 మంది దక్షిణ కొరియాలోని దేవూ కంపెనీకి వెళ్లి ఈ పని నేర్చుకున్నారు. దేవూ నేర్పడానికి కారణం కోటాలు. కొరియా బట్టలు ఇన్నే కొంటామని ధనిక దేశాలు గిరి గీశాయి. బంగ్లాదేశ్‌కి అప్పటికి ఆ గిరి లేదు. తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లకే బయటికొచ్చి, నేర్చిన విద్యని కొత్త ఫ్యాక్టరీలకి పట్టుకెళ్లారు. పోటీని ఆపడానికి పెట్టిన కోటా ఇంకో పోటీదారుని పుట్టించిందన్నమాట!

అక్కడ కూలి అంత తక్కువెందుకు? ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త 1954లోనే దీన్ని విప్పి చెప్పాడు. పొలాల్లో అవసరానికి మించి జనం ఉన్నంతకాలం యజమాని జీతం పెంచనక్కర్లేదు. ఒకరు మానేస్తే గేటు బయట పదిమంది. ఆ వరస పలచబడ్డాకే జీతాలు కదులుతాయి. చైనాలో 2000 తర్వాత జరిగింది చాలావరకు ఇదే. జీతాలు పెరిగేసరికి కొన్ని ఫ్యాక్టరీలు వియత్నాం దారి పట్టాయి.

వరస తరిగేదాకా లాభమే లేదా అంటే, ఉంది. బంగ్లాదేశ్‌లో ఫ్యాక్టరీలకి దగ్గరున్న ఊళ్లలో ఆడపిల్లల పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి, బడిలో ఉండే ఏళ్లు పెరిగాయి. నా దృష్టిలో జీతం కన్నా పెద్ద లెక్క అది.

కానీ ఆ వరసకి ఇంకో ముఖముంది. 2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర రానా ప్లాజా గోడలు బీటలిచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైనున్న కుట్టుపనివాళ్లని మాత్రం మర్నాడు రమ్మన్నారు. రాకపోతే జీతం కోత. వెళ్లారు. భవనం కూలి 1,134 మంది చనిపోయారు.

నెల తిరక్కముందే విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. భవనం ప్రమాదకరంగా అనిపిస్తే లోపలికి వెళ్లకపోయినా జీతం కోయకూడదన్న మాట అందులో ఉంది.