విమాన ప్రయాణ సమయం: అపోహలు - వాస్తవాలు

"నెట్‌లో తొమ్మిదిన్నర గంటలే చూపిస్తోందండీ, మీ టికెట్‌లో పదమూడెందుకుంది?" టికెట్ల పనిలో ఉన్న నాలాంటివాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. ఎవరో మోసం చేస్తున్నారని భయపడి అడిగేవాళ్లే ఎక్కువ.

అపోహ: దూరం తెలిస్తే సమయం తెలిసినట్టే.

వాస్తవం: నెట్‌లో కనిపించే దూరం రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గరి దారిది. విమానం గాలివాటం చూసుకుని, ఏ దేశం మీదుగా ఎగరనిస్తారో చూసుకుని వెళ్తుంది. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకి-టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర నుంచి దాదాపు 13 గంటలకు పెరిగింది. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి కదా! 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పసిఫిక్ మీదుగా మళ్లించింది. దారి 1,400 కిలోమీటర్ల దాకా పెరిగినా, వెనక నుంచి గాలి తోయడంతో దాదాపు రెండు గంటలు కలిసొచ్చింది. పైగా టికెట్‌లో రాసే సమయం గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా పాకడం, అక్కడ వరసలో ఆగడం అన్నీ అందులోనే.

అపోహ: మొదటి విమానం దిగాక రెండు గంటలుంటే రెండోది ఎక్కేయొచ్చు.

డబ్బులు పోయేది ఇక్కడే. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే ఆ రెండు గంటలు చాలాచోట్ల సరిపోతాయి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా మరో విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. చవగ్గా వస్తోందని విడివిడిగా కొన్నారనుకోండి, రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మీరు వేళకు రాని ప్రయాణికులు, అంతే. సాధారణంగా దిగి, ఇమిగ్రేషన్ దాటి, బెల్టు దగ్గర పెట్టెలు తీసుకుని, మళ్లీ చెకిన్ కౌంటర్‌కి వెళ్లాలి. అంతర్జాతీయ విమానాలకి ఆ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. కొన్ని దేశాల్లో బయటికి రావడానికే వీసా కావాలి.

కూతురి పట్టా ప్రదానానికి బయల్దేరిన ఒకాయన ఇలాగే విడి టికెట్లు కొనుక్కున్నారు. మొదటి విమానం లేటైంది ముప్పావుగంటే. పెట్టెలు బెల్టు మీదికి వచ్చేసరికి అవతల కౌంటర్ మూసేశారు. అక్కణ్నుంచే నాకు ఫోన్ చేసి, "ఎదురుగానే ఉందమ్మా విమానం, ఎక్కనివ్వట్లేదు" అన్నారు. ఆ గొంతు ఇంకా మరిచిపోలేదు. అప్పటికప్పుడు కొత్త టికెట్ కొంటే, మిగిల్చిందానికి ఎన్నో రెట్లు పోయింది. తప్పనిసరై విడివిడిగా కొంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు పెట్టుకోండి. ముఖ్యమైన పనికైతే ఒక రాత్రి అక్కడే ఆగండి.

భూమి తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్తే త్వరగా చేరతామన్నది వట్టి పుకారు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. నిజానికి లండన్ నుంచి పడమటికి న్యూయార్క్ వెళ్లడానికే దాదాపు ఎనిమిది గంటలు, తిరిగి రావడానికి ఏడే. చాలా ఎత్తులో తూర్పుకి జోరుగా వీచే గాలి, అంటే జెట్ స్ట్రీమ్ వల్ల అలా. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి ఐదు గంటల్లోపే లండన్‌లో దిగింది.

దిగే టైము, ఎక్కే టైము ఏ ఊరిది ఆ ఊరి గడియారం ప్రకారమే రాస్తారు. ఒకదాన్నుంచి ఒకటి తీసేసి ప్రయాణం ఇన్ని గంటలని లెక్కేయకండి. ఇంకొకటి, శుక్రవారం 00:30 అని ఉంటే గురువారం రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి.