ఆర్‌టీఓఎస్, ఇంటరప్ట్ లేటెన్సీ: మనవాళ్లు గట్టిగా నమ్మే కొన్ని అపోహలు

అనంతపురంలో సోలార్ పంపు కంట్రోలర్లకు ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) రాయడం నా పని. ఇక్కడ జేఎన్‌టీయూలో చదివి ఎంబెడెడ్ వైపు వచ్చే పిల్లలతో మాట్లాడినప్పుడల్లా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను. ఇంటర్వ్యూలో ఆ జవాబులు నడుస్తాయేమో కానీ, బోర్డు పొలంలో కూర్చున్నాక నడవవు.

అపోహ: ఆర్‌టీఓఎస్ వేస్తే ప్రోగ్రామ్ వేగంగా నడుస్తుంది.

నడవదు. ఆర్‌టీఓఎస్ అంటే పనులను (టాస్కులను) గడువులోపు నడిపించే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. దాని షెడ్యూలర్ (ఏ టాస్క్ ఎప్పుడు నడవాలో తేల్చే భాగం), టాస్క్ మార్పిడి, క్యూలు అన్నీ ప్రాసెసర్ టైమునే వాడుకుంటాయి కాబట్టి మొత్తం పని కొంచెం పెరుగుతుంది కూడా. ఆర్‌టీఓఎస్‌తో మనం కోరుకునేది గడువు తప్పకపోవడం, ఆ గడువు ఎంతన్నది పనిని బట్టి ఉంటుంది. మన జిల్లాలో బోర్లు ఎండిపోవడం కొత్తేమీ కాదు కదా, నీళ్లు అందక మోటారు ఉత్తగా తిరుగుతుంటే అది కనిపెట్టి ఆపడానికి కొన్ని సెకన్లు పట్టినా మోటారుకు ఏమీ కాదు. అదే ఇన్వర్టర్‌లో ఐజీబీటీ (మోటారుకు కరెంటు ఇచ్చే పవర్ స్విచ్) షార్ట్ అయితే, సాధారణంగా అది తట్టుకునేది 10 మైక్రోసెకన్ల లోపే. రెండింటికీ గడువు ఉంది, కానీ రెండోదాన్ని ఇంటరప్ట్‌కు (సిగ్నల్ రాగానే ప్రాసెసర్ చేతిలో పని ఆపి వేరే కోడ్ నడిపే పద్ధతి) అప్పగించకండి. ఎస్‌టీఎం32 లాంటి మైక్రోకంట్రోలర్ చిప్పుల్లో ఐజీబీటీలకు పల్సులు ఇచ్చే పీడబ్ల్యూఎం టైమర్‌కు బ్రేక్ ఇన్‌పుట్ ఉంటుంది, ఓవర్‌కరెంట్ సిగ్నల్‌ను దానికి కలిపితే సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా హార్డ్‌వేరే పల్సులు ఆపేస్తుంది.

అపోహ: కార్టెక్స్-ఎం4లో ఇంటరప్ట్ లేటెన్సీ 12 క్లాక్ సైకిళ్లే, డేటాషీట్‌లోనే ఉంది.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇంటరప్ట్ లేటెన్సీ అంటే సిగ్నల్ వచ్చాక దాని కోడ్ (హ్యాండ్లర్) మొదలయ్యేదాకా పట్టే ఆలస్యం, కార్టెక్స్-ఎం4 అంటే ఎస్‌టీఎం32ఎఫ్407 లాంటి చిప్పుల్లోని ప్రాసెసర్. 168 మెగాహెర్ట్జ్ దగ్గర 12 సైకిళ్లంటే సుమారు 71 నానోసెకన్లు, వినడానికి బాగుంటుంది. కానీ ఆ అంకె మెమరీలో వెయిట్ స్టేట్లు (మెమరీ కోసం ప్రాసెసర్ ఆగాల్సిన సైకిళ్లు) లేనప్పటిది, అదీ ఇంటరప్టులు మాస్క్ అయి (తాత్కాలికంగా ఆపేసి) లేకుండా, సమానమైన లేదా పై ప్రయారిటీ హ్యాండ్లర్ ఏదీ నడవకుండా ఉన్నప్పుడు. ఎస్‌టీఎం32ఎఫ్407లో 168 మెగాహెర్ట్జ్‌కు ఫ్లాష్ (కోడ్ ఉండే మెమరీ) 5 వెయిట్ స్టేట్లు అడుగుతుంది. చిప్‌లోని యాక్సిలరేటర్ (కోడ్‌ను ముందే తెచ్చి చిన్న కాష్‌లో ఉంచే భాగం) ఈ ఆలస్యాన్ని చాలావరకు కప్పిపుచ్చుతుంది నిజమే, అయితే ఎప్పుడో ఒకసారి వచ్చే ఇంటరప్ట్ కోడ్ ఆ సమయానికి కాష్‌లో ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

అసలు ఆలస్యం మనం రాసిన కోడ్‌లో ఉంటుంది. క్రిటికల్ సెక్షన్ (ఇంటరప్టులను మాస్క్ చేసి నడిపే కోడ్) తెరిచి అందులో పెద్ద బఫర్ కాపీ చేస్తే, ఆ కాపీ అయ్యేంతసేపు మాస్క్ అయిన ఇంటరప్ట్ బయట నిలబడే ఉంటుంది. అన్నిటికన్నా ఘోరమైనది ఫ్లాష్ ఎరేజ్ (ఫ్లాష్‌లో పాతది చెరిపేయడం). రోజువారీ మీటర్ రీడింగులు దాచడానికి చిప్‌లోని ఫ్లాష్‌నే వాడేవాళ్లున్నారు. ఒకే బ్యాంకు ఉన్న చిప్‌లో ఎరేజ్ జరుగుతున్నప్పుడు అదే ఫ్లాష్ నుంచి కోడ్ చదవాలంటే ప్రాసెసర్ ఆగిపోతుంది, 128 కేబీ సెక్టార్ అయితే అది సెకను పైనే. అంతసేపు ఇంటరప్ట్ ప్రయారిటీ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. రీడింగులకు విడిగా ఎఫ్‌రామ్ (ఎరేజ్ అక్కర్లేని మెమరీ చిప్) పెట్టండి, లేదంటే ముఖ్యమైన హ్యాండ్లర్‌నూ వెక్టర్ టేబుల్‌నూ (హ్యాండ్లర్ల చిరునామాల పట్టిక) ర్యామ్‌లోకి మార్చండి.

ప్రయారిటీ అన్నాం కాబట్టి ఇంకొకటి. కార్టెక్స్-ఎంలో అంకె తగ్గేకొద్దీ ప్రయారిటీ పెరుగుతుంది, ఫ్రీఆర్‌టీఓఎస్ (బాగా వాడే ఒక ఆర్‌టీఓఎస్) టాస్కుల్లో మాత్రం అంకె పెరిగేకొద్దీ పెరుగుతుంది. పైగా ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మ్యాక్స్ సిస్‌కాల్ అని ఒక హద్దు ఉంటుంది. దానికన్నా ప్రయారిటీ ఎక్కువున్న ఇంటరప్టులను కెర్నల్ (ఆర్‌టీఓఎస్ అసలు భాగం) ఎప్పుడూ మాస్క్ చేయదు, అందుకు బదులుగా అవి కెర్నల్ ఫంక్షన్లను పిలవకూడదు. "ముఖ్యమైనది కదా, సున్నా ప్రయారిటీ ఇచ్చేద్దాం" అని ఇచ్చేసి అందులోంచే సెమాఫోర్ (టాస్క్‌ను మేల్కొలిపే సంకేతం) ఇస్తే, ఎప్పుడో ఒకరోజు కెర్నల్ లిస్టులు చెడిపోయి సిస్టమ్ కూలిపోతుంది, కారణం వెతకడం నరకం.

అపోహ: టిక్ 1 మిల్లీసెకను కాబట్టి టాస్క్ మేలుకోవడానికి కూడా 1 మిల్లీసెకను పడుతుంది.

అవసరం లేదు. టిక్ అంటే షెడ్యూలర్‌ను క్రమం తప్పకుండా పిలిచే టైమర్ ఇంటరప్ట్. ఇంటరప్ట్ హ్యాండ్లర్ సెమాఫోర్ ఇచ్చి, చివర్లో ఈల్డ్ (టాస్క్ మార్చమనే అభ్యర్థన) అడిగితే పెండ్‌ఎస్‌వీ అనే ప్రాసెసర్ ఇంటరప్ట్ ద్వారా వెంటనే కాంటెక్స్ట్ స్విచ్ (టాస్క్ మార్పిడి) జరుగుతుంది. ఆ ఈల్డ్ లైను మర్చిపోతేనే టాస్క్ తర్వాతి టిక్ దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. "కొన్నిసార్లు ఫాస్ట్‌గా, కొన్నిసార్లు స్లోగా వస్తోంది సార్" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఆ లైనే. స్విచ్ విషయానికొస్తే, కార్టెక్స్-ఎం3లో ఫ్రీఆర్‌టీఓఎస్ వాళ్లు చెప్పిన లెక్క 84 సైకిళ్లు, అదీ ఆప్టిమైజేషన్ పెట్టి, స్టాక్ చెకింగ్, ట్రేస్ ఆపేసి. ఎం4లో టాస్క్ ఫ్లోట్ (దశాంశ) లెక్కలు వాడితే ఆ లెక్కలు చేసే ఎఫ్‌పీయూ రిజిస్టర్లు కూడా దాచాలి, సమయం ఇంకా పెరుగుతుంది. హ్యాండ్లర్‌లోకి వెళ్లే సమయం వేరు, అక్కడినుంచి టాస్క్ మొదలయ్యే సమయం వేరు, రెండూ విడిగా కొలవండి.

లినక్స్‌తో రియల్‌టైమ్ అసలు కుదరదనే మాట కూడా పాతబడింది. లినక్స్‌ను రియల్‌టైమ్‌కు పనికొచ్చేలా చేసే ప్రీఎంప్ట్-ఆర్‌టీ 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన లినక్స్ కెర్నల్‌లోకి వచ్చేసింది. ఐజీబీటీ పక్కన దాన్ని పెట్టను, గేట్‌వేకు (డేటాను నెట్‌కు పంపే పెట్టె) మాత్రం సంతోషంగా వాడతాను.

అపోహ: సగటు బాగుంటే చాలు.

సగటు మీకు ఏమీ చెప్పదు, గరిష్ఠమే కావాలి. పైకి లెక్కించే టైమర్‌కు ఓవర్‌ఫ్లో (లెక్క నిండి సున్నాకు తిరిగినప్పుడు వచ్చే) ఇంటరప్ట్ పెట్టుకోండి, హ్యాండ్లర్ మొదటి లైన్లోనే ఆ టైమర్ కౌంటర్ చదివితే ఎంత ఆలస్యంగా వచ్చామో తెలిసిపోతుంది. ఆలస్యం టైమర్ పీరియడ్ దాటితే ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి పీరియడ్ పెద్దగా ఉంచండి. టేబుల్ మీద ఖాళీగా నడిపి కొలిస్తే లాభం లేదు, మోటారు తిరుగుతూ, మోడెమ్ డేటా పంపుతూ, రీడింగులు సేవ్ అవుతూ ఉండగా కొలవాలి. వచ్చిన గరిష్ఠ విలువను ఒక మోడ్‌బస్ రిజిస్టర్‌లో (బయటి పరికరం చదవగలిగే చోటు) పెట్టేస్తే, సర్వీసుకు వెళ్లిన టెక్నీషియన్ పొలంలోనే చదివి మీకు చెప్పగలడు.