బరువు కనపడని వీధి బొమ్మ: వాస్తవిక చిత్రకళ మీద కొన్ని అపోహలు

ఒడిశాలోని బరంపురం వీధుల్ని గీయబోయే తెలుగు పిల్లలు తరచూ పట్టుకొచ్చే అపోహలివి.

అపోహ: వాస్తవిక చిత్రమంటే ఫొటోలా ఉండాలి.

ఫొటోను మక్కీకి మక్కీ దించితే ఫొటో తప్పులు కూడా బొమ్మలోకొస్తాయి. ఫోన్ లెన్సు వెడల్పుగా చూస్తుంది. దగ్గరున్న రిక్షా చక్రం ఉబ్బిపోతుంది, వెనకున్న మనుషులు చీమలైపోతారు. ఎండలో తీస్తే అరుగు మీది నీడ నల్లగా పూడుకుపోతుంది. మన కంటికైతే ఆ నీడలో కూర్చున్న ముసలమ్మ, ఆమె బుట్ట కనిపిస్తూనే ఉంటాయి.

ఫొటో వాడండి, తప్పులేదు. కాస్త వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీయండి. నీడ కోసం ఒకటి, ఆకాశం కోసం ఒకటి. రంగులకు మాత్రం అక్కడే నిలబడి చిన్న అట్ట మీద వేసుకున్నదాన్నే నమ్మండి. ఫ్రెంచి చిత్రకారుడు కాయ్‌బాట్ 1877లో వేసిన వానలో పారిస్ వీధి చిత్రం అచ్చం ఫొటోలా అనిపిస్తుంది. కానీ ఆయన వీధి గీతలు విడిగా, గొడుగుల మనుషులు విడిగా చిత్తుబొమ్మలు వేసుకుని, తర్వాతే కూర్చాడు.

అపోహ: మనిషి కష్టం ముఖంలోనే చూపించాలి.

అన్నిటికన్నా ఎక్కువ బొమ్మల్ని పాడుచేసేది ఇదే. ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే 1849లో రాళ్లు కొట్టే ఇద్దరిని వేశాడు. కుర్రవాడు అటు తిరిగి ఉంటాడు, ముసలాయన ముఖాన్ని టోపీ కప్పేస్తుంది. ఆ చిత్రం 1945లో యుద్ధంలో నాశనమైంది. మిగిలిన ఫొటోల్లో చూసినా, మోకాలి మీద ఆనించి ఎత్తుతున్న ఆ గంప బరువు మన నడుముకు తెలుస్తుంది.

నెత్తిన మూటతో నిలబడ్డ కూలీని గీసేటప్పుడు మూట నడిమధ్య నుంచి నిలువుగా ఒక గీత దించండి. అది మెడ మీదుగా, నడుము మీదుగా బరువు మోసే పాదం దగ్గరికి రావాలి. నడుస్తుంటే రెండు పాదాల మధ్య పడాలి. అంతకు బయట పడిందంటే మనిషి తూలిపోతున్నట్టే. మెడ వంగదు, చూపు మాత్రమే కిందికి దిగుతుంది.

రిక్షా తొక్కేవాడు ఎత్తు ఎక్కేటప్పుడు సీటు వదిలి లేస్తాడు. ఛాతీ హ్యాండిల్ మీదికి వస్తుంది, ఒంటి బరువంతా దిగే పెడల్ మీద పడుతుంది. అతన్ని నిటారుగా కూర్చోబెట్టి నుదుట చెమటచుక్కలు పెడితే ఎవరూ నమ్మరు.

పట్టు నేసే ఇళ్లలో గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్లు నేలమట్టానికి కిందుంటాయి. మీరు నిలబడి గీస్తే అతను సగానికి తెగినట్టు కనిపిస్తాడు. అందుకే నేల మీద చతికిలబడి గీయాలి. భుజం నుంచి పేకను దగ్గరికి కొట్టే చేతి దాకా ఒకే ఊపు అప్పుడే అందుతుంది. గీసే ముందు ఇంటివాళ్లను అడగడం మరవద్దు.

సాధనకు మెత్తటి 4బి పెన్సిలు, ఎ5 సైజు చిన్న పుస్తకం చాలు. ఒక్కో మనిషికి రెండు నిమిషాలు. పనిలో ఉన్న మనిషి అదే కదలికకు మళ్లీమళ్లీ వస్తాడు కాబట్టి, సగంలో ఆపిన గీతను ఆ భంగిమ తిరిగి రాగానే పూర్తిచేయవచ్చు.

అపోహ: స్కేలు లేనిదే వీధి కుదరదు.

పాత వీధులు వంకర. ఒక్కో ఇల్లు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది, కనుక దూరానికి పోయే ఒక్కోదాని గీతలు ఒక్కోచోట కలుస్తాయి. అన్నిటికీ ఉమ్మడిగా ఉండేది మీ కంటి మట్టంలో అడ్డంగా పోయే గీత. చదును నేల మీద మీరు నిలబడి గీస్తుంటే, దగ్గరివాళ్లయినా దూరంవాళ్లయినా మీ ఎత్తున్నవాళ్ల కళ్లన్నీ ఆ గీత మీదే ఉంటాయి. మారేది పాదాల చోటే. టీకొట్టు బల్ల మీద కూర్చుంటే ఆ గీత అందరి ఛాతీ దగ్గర పోతుంది. దూరపు మనుషులు గాల్లో తేలుతున్నారంటే ఇక్కడే తప్పు జరిగింది.

బోర్డుల సంగతీ ఇంతే. 30 అడుగుల దూరంలో అక్షరాలు చదవనక్కర్లేదు. ఒడియా అక్షరానికి నెత్తిన గుండ్రటి గొడుగు, తెలుగుకు తలకట్టు: కుంచెతో ఆ తేడా తెలిస్తే ఊరు తెలిసిపోతుంది.

అపోహ: నీడంటే నలుపు.

అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలపండి. మంచి బూడిదరంగు వస్తుంది. ఆకాశం కిందున్న నీడకు నీలం ఎక్కువ, ఎర్రటి గోడ పక్కనున్నదానికి సియెన్నా ఎక్కువ. డాబా మీద అప్పడాలు ఎండబెట్టే మనిషి గడ్డం కింద నీడ ఉండాల్సినచోట వెలుగుంటుంది, అప్పడాల తెలుపు పైకి కొడుతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు దాటితే ఆపేసి, మర్నాడు అదే వేళకు రండి.

అపోహ: ఇందుకు మహానగరం కావాలి.

అక్కర్లేదు. చిత్రకారుడు సుధీర్ పట్వర్ధన్ ఎక్స్‌రేలు చూసే డాక్టరుగా, అంటే రేడియాలజిస్టుగా పనిచేస్తూనే ఠాణే కార్మికులను, వీధులను వేశారు. కాయ్‌బాట్ 1875 చిత్రంలో ఉన్నది ఒక గది, నేల చెక్కలు గీకే ముగ్గురు మనుషులు, వెనక కిటికీ వెలుగు.

అపోహ: నూనె ఎంత కలిపితే రంగు అంత నిలుస్తుంది.

నూనె రంగుల్లో మొదటి పూతను టర్పెంటైన్‌తో పల్చగా వేయండి, లిన్సీడ్ (అవిసె) నూనెను పై పూతలకే పెంచుకుంటూ పోండి. తిరగేస్తే అడుగు పూత ఆరేలోపు పైది బిగుసుకుని పగుళ్లిస్తుంది. పల్చటి పూతలైనా వార్నిష్‌కు ఆరు నెలలు ఆగాలి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు చెమ్మకు కాన్వాసు వెనక బూజు పడుతుంది. ఫ్రేము నాలుగు మూలలా అరంగుళం బిరడా ముక్కలు అంటించి, గోడకు తగలకుండా తగిలించండి.